లేనిదాన్ని లెక్కపెట్టడం

ప్రియమైన పిల్లలకు,

మొన్న ఫోన్లో మీరడిగారు: "కణితిలో ఒక జన్యువు పోయింది అంటారు కదా, లేనిదాన్ని ఎలా చూస్తారు?" అప్పుడు రెండు ముక్కల్లో ఏదో చెప్పి ఊరుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, అంత మంచి ప్రశ్నకి సగం జవాబు ఇచ్చానని బాధ కలిగింది. మిగతా సగం ఇప్పుడు రాస్తున్నాను.

మన కణాల్లో 23 జతల క్రోమోజోములు ఉంటాయి. జతలో ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి వస్తుంది. అందుకని దాదాపు ప్రతి జన్యువుకీ మన దగ్గర రెండు ప్రతులుంటాయి. కొన్ని జన్యువుల పని, కణం అదుపు తప్పి పెరగకుండా ఆపడం. వాటిలో ఒక ప్రతి పాడైనా రెండోది కాపలా కాస్తుంది. ఆ రెండోది కూడా పోతేనే ముప్పు.

ఈ సంగతి మొదట తెలిసింది మైక్రోస్కోపులో కాదు, కాగితం మీద. 1971లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ అనే పరిశోధకుడు రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ వచ్చిన 48 మంది పిల్లల రికార్డులు ముందేసుకున్నారు. జబ్బు ఏ వయసులో బయటపడింది, ఒక కంటికా రెండు కళ్లకా అని చూశారు. వయసు పెరిగేకొద్దీ ఇంకా జబ్బు బయటపడనివాళ్లు ఎంతమంది మిగిలారో లాగరిథమ్ తీసి గీస్తే, రెండు కళ్లకూ వచ్చినవాళ్ల గీత తిన్నగా దిగింది. జబ్బు రావడానికి జన్యువుకి ఒక్క దెబ్బ తగిలితే, అంటే ఒక్క ప్రతి పాడైతే చాలు అనుకుంటే గీత అలాగే రావాలి. ఒక కంటికే వచ్చినవాళ్లలో చాలామంది గీత మొదట మెల్లగా వంగి, తర్వాత దిగింది. అక్కడ రెండు దెబ్బలు తగలాలి. అంటే మొదటి రకం పిల్లలు ఒక ప్రతి పాడైపోయే పుట్టారన్నమాట. ఆ జన్యువు ఏదో అప్పటికి ఎవరికీ తెలియదు. 1983లో కణితుల్లో 13వ క్రోమోజోము మీది మంచి ప్రతి పోవడం కళ్లారా చూశారు. 1986లో ఆ జన్యువే దొరికింది, దాని పేరు ఆర్‌బీ1. ఆ 48 రికార్డుల గురించి తలచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఇక ఇప్పటి పద్ధతికి వద్దాం. మెషీన్ డీఎన్‌ఏని మొదటి నుంచి చివరిదాకా ఒక్క బిగిన చదవదు. చిన్న చిన్న ముక్కలు చదువుతుంది. ఏ ముక్క ఎక్కడిదో కంప్యూటర్ వెతికి ఆ చోట పెడుతుంది. జన్యురాశి మొత్తాన్ని, అంటే కణంలోని డీఎన్‌ఏ అంతటినీ, గళ్లుగా విడగొట్టి, ఏ గడిలో ఎన్ని ముక్కలు పడ్డాయో లెక్కపెడతారు. రెండు ప్రతులున్న గడిలో 100 పడితే, ఒకటే మిగిలిన గడిలో 50 పడాలి. కొన్ని చోట్లు చదవడం మెషీన్‌కే కష్టం కాబట్టి, అదే మనిషి రక్తంలోని మామూలు డీఎన్‌ఏని కూడా చదివి పక్కన పెట్టి పోలుస్తారు.

చెప్పడానికి తేలిగ్గా ఉంది కదా? చిక్కులు ఇక్కడే మొదలవుతాయి. 100 రావలసిన గడిలో ఒకసారి 92 వస్తుంది, ఒకసారి 109 వస్తుంది. అటూ ఇటూ ఓ 10 ఊగడం మామూలే. 100కి వర్గమూలం 10 కదా, ఆ ఊపు అక్కడి నుంచే వచ్చింది. దీనికి తోడు, కణితి నుంచి తీసిన ముక్కలో అన్నీ కణితి కణాలే ఉండవు. రక్తనాళాలు, రోగనిరోధక కణాలు, పక్కనున్న మామూలు కణాలు కలిసిపోయి ఉంటాయి. వాటన్నిటికీ రెండు ప్రతులూ పదిలంగానే ఉంటాయి. శాంపిల్‌లో కణితి కణాలు సగమే ఉంటే లెక్క 50కి కాదు, 75కి తగ్గుతుంది. నూటికి 20 మాత్రమే ఉంటే 90 దగ్గరే ఆగుతుంది. ఆ 90 నిజంగా పోయినందుకు వచ్చిందా, మామూలు ఊపులో వచ్చిందా? ఒక్క గడిని చూసి ఎవరూ చెప్పలేరు.

అందుకే పక్క గళ్లని కూడా అడుగుతారు. క్రోమోజోములో పెద్ద ముక్క పోతే వరసగా ఎన్నో గళ్లు కలిసి తగ్గుతాయి. 25 గళ్ల సగటు తీస్తే ఊపు 10 నుంచి 2కి పడిపోతుంది. అప్పుడు 90 అంటే చిన్న తేడా కాదు, చాలా పెద్ద తేడా. నాకు ఇందులో అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇదే.

కానీ తగ్గుదల ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ముందే తెలియదు. 2004లో వచ్చిన ఒక పద్ధతిలో క్రోమోజోము రెండు కొసల్నీ కలిపి వలయంగా ఊహించుకుని, మిగతా భాగంతో పోలిస్తే బాగా తేడాగా ఉన్న ముక్క కోసం వెతుకుతారు. దొరకగానే నమ్మేయరు. గళ్లలోని అంకెల వరస మార్చి కలగాపులగం చేసి, అంత తేడా ఊరికే ఎన్నిసార్లు వస్తుందో చూస్తారు. ఈ జాగ్రత్త ఎందుకంటే, మన జన్యురాశిలో సుమారు 300 కోట్ల అక్షరాలున్నాయి (డీఎన్‌ఏలో వరసగా ఉండే చిన్న చిన్న భాగాల్నే అక్షరాలంటున్నాను). లక్ష అక్షరాలకో గడి అనుకుంటే 30,000 గళ్లు. ఒక్కో గడికి నూటికి 5 సార్లు పొరపడినా ఫరవాలేదు అనుకుంటే, ఏమీ పోకుండానే 1,500 చోట్ల పోయిందని రాసేస్తాం. అలాంటి రిపోర్టు ఒక రోగి చేతికి వెళ్లకూడదు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఒక్కోసారి కణం ఒక ప్రతిని పోగొట్టుకుని, మిగిలినదాన్నే రెండు చేసుకుంటుంది. ముక్కలు లెక్కపెడితే మళ్లీ 100 వస్తాయి, అంతా బాగున్నట్టే ఉంటుంది. అప్పుడు అమ్మ ప్రతికీ నాన్న ప్రతికీ అక్షరం వేరుగా ఉన్న చోట్లని చూస్తారు. మామూలు కణాల్లో ఆ రెండు అక్షరాలూ సుమారు 50, 50 వస్తాయి. ఈ కణితిలో, శాంపిల్‌లో సగం మామూలు కణాలే ఉన్నా, ఒకటి 75, ఇంకొకటి 25 వస్తాయి. మొత్తం మారకపోయినా పంపకం మారింది, గుట్టు అక్కడ బయటపడుతుంది.

ఆలిగోడెండ్రోగ్లియోమా అనే మెదడు కణితి ఉంది. క్రోమోజోములో సన్నగా నొక్కినట్టుండే చోటుకి అటూ ఇటూ ఉండే భాగాల్ని భుజాలంటారు. 1వ క్రోమోజోము పొట్టి భుజం, 19వ దాని పొడుగు భుజం రెండూ పోయాయని తేలితేనే ఇప్పుడు ఆ పేరు ఖాయం చేస్తారు. అవి పోయిన కణితులు సాధారణంగా మందులకు బాగా లొంగుతాయి. కాబట్టి "పోయింది" అని రాసే ముందు ఆ లెక్క ఎంత గట్టిదో చూసుకోవడం చికిత్సలో భాగమే.

మీకో పని అప్పజెబుతాను. నాణేన్ని 100 సార్లు ఎగరేసి బొమ్మలెన్నో రాసుకోండి. మీరంతా పంచుకుని ఇలా 25 సార్లు చేయండి. విడివిడి అంకెలు ఎంత ఊగాయో, వాటి సగటు 50కి ఎంత దగ్గరగా వచ్చిందో చూడండి. కాగితం పారేయకండి, ఆ 25 అంకెలూ నాకు పంపండి. గీత నేను గీస్తాను.

ప్రేమతో,
మీ తాతయ్య