ఐరిష్ మూలాలు వెతికిపెట్టే పని: అపోహలు, వాస్తవాలు

అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో స్థిరపడ్డ ఐరిష్ సంతతివాళ్లు ముత్తాత ఊరేదో తెలుసుకోవాలని వస్తుంటారు. వాళ్లకు సాయం చేసేవాళ్లలో రుసుము తీసుకునే పరిశోధకులూ ఉన్నారు, ఉచితంగా చేసే స్థానిక వాలంటీర్లూ ఉన్నారు. ఈ పనిలో తృప్తి బాగానే ఉంది. అది ఎక్కడ దొరుకుతుందన్న దగ్గరే అపోహలు.

అపోహ: 1922లో రికార్డులన్నీ కాలిపోయాయి, వెతికి లాభం లేదు.

1922 జూన్ 30న డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ప్రాంగణంలోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలి తగలబడిన మాట నిజమే. 1821 నుంచి 1851 దాకా జరిగిన జనాభా లెక్కల్లో కొద్ది ముక్కలు తప్ప ఏమీ మిగల్లేదు. వీలునామాలూ, అక్కడికి చేర్చిన చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ (ప్రొటెస్టెంట్ చర్చి) రిజిస్టర్లూ పోయాయి. అయితే 1861, 1871 లెక్కలను అంతకుముందే ప్రభుత్వమే నాశనం చేసింది. 1881, 1891వి మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కాగితపు గుజ్జుకు పోయాయి. ఆ పాపం మంటలది కాదు.

క్యాథలిక్ రిజిస్టర్లు అసలు ఆ భవనంలో లేవు, పారిష్‌ల (ఒక్కో చర్చి పరిధి) దగ్గరే ఉన్నాయి. సుమారు 1880 వరకు వాటి చిత్రాలను నేషనల్ లైబ్రరీ 2015లో ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. 1864 నుంచి అందరి జనన, మరణ, వివాహ నమోదులు, 1847–64 నాటి గ్రిఫిత్ వాల్యుయేషన్ (పన్ను కోసం భూములు, ఇళ్లకు విలువ కట్టిన జాబితా), 1901, 1911 జనాభా లెక్కలు మిగిలే ఉన్నాయి.

1911 ఫారంలో పెళ్లయిన స్త్రీ ఎదురుగా మూడు అంకెలుంటాయి: పెళ్లయి ఎన్నేళ్లు, ఎందరు పుట్టారు, ఎందరు బతికున్నారు. పుట్టింది తొమ్మిదిమంది, బతికింది ఆరుగురు అని ఉంటే మిగతా ముగ్గురిని జనన, మరణ నమోదుల్లో వెతకాలి. ఇంట్లో ఎవరికీ తెలియని ఆ పసివాళ్ల పేర్లు తెచ్చి ఇవ్వగలిగితే, ఈ పనిలో అంతకు మించిన ఫలం లేదు.

అపోహ: ఇంటిపేరు, కౌంటీ తెలిస్తే చాలు.

కార్క్ కౌంటీలో జాన్ సల్లివాన్ అని వెతికి చూడండి! కావలసింది టౌన్‌ల్యాండ్ పేరు. అంటే ఊరికన్నా చిన్నదైన భూభాగం. ఐర్లాండ్‌లో ఇవి 60,000 పైచిలుకు. ఒకే పేరుతో పది చోట్ల ఉండొచ్చు.

కాబట్టి వెతుకులాట ఐర్లాండ్‌లో మొదలుపెట్టకూడదు. వలస వెళ్లిన దేశంలోనే ముందు సమాధి రాయి, పత్రికలో వచ్చిన మరణవార్త, చర్చి పెళ్లి రిజిస్టరు, పౌరసత్వ పత్రాలు చూడాలి. వెళ్లినవాడి కాగితాల్లో ఒట్టి "ఐర్లాండ్" అనే ఉంటే అతని అక్కచెల్లెళ్ల, అన్నదమ్ముల కాగితాలు తీయాలి. టౌన్‌ల్యాండ్ దొరికాక అది ఏ సివిల్ పారిష్‌లో (పాలనాపరమైన విభాగం) ఉందో, ఏ క్యాథలిక్ పారిష్ కిందికి వస్తుందో విడివిడిగా చూడాలి. ఈ రెండింటి హద్దులూ, పేర్లూ తరచూ వేరు. చాలామంది దారి తప్పేది ఇక్కడే.

పెళ్లి సాధారణంగా వధువు పారిష్‌లో జరిగేది. వరుడి పారిష్‌లో కనిపించలేదని వదిలేయకూడదు. రిజిస్టర్లు చాలాచోట్ల లాటిన్‌లో ఉంటాయి: జేమ్స్ జాకోబస్ అవుతాడు, విలియం గులియెల్మస్ అవుతాడు. ఇంటిపేరు ముందు "ఓ" ఉన్నా లేకపోయినా రెండు రకాలుగానూ వెతకాలి. పేరు ఒక్కటీ కలిస్తే సరిపోదు. తోబుట్టువుల పేర్లు, తల్లి పుట్టింటి పేరు, జ్ఞానస్నానానికి సాక్షులుగా నిలబడ్డవాళ్లు, టౌన్‌ల్యాండ్, వీటిలో కనీసం రెండైనా కలవాలి.

అపోహ: న్యూయార్క్ రేవులోని వలస తనిఖీ కేంద్రం ఎల్లిస్ ఐలాండ్ అధికారులు పేర్లు మార్చేశారు.

లేదు. ప్రయాణికుల జాబితా ఓడ బయలుదేరే రేవులోనే తయారయ్యేది. పైగా ఆ కేంద్రం తెరిచింది 1892లో. 1840ల మహాకరువు కాలంలో వెళ్లినవాళ్లు దాన్ని చూడనే లేదు.

అపోహ: వయసు తేడా వస్తే మనిషి వేరు.

1901లో 56 ఏళ్లున్న మనిషి 1911లో 71 అని రాయించడం మామూలే. 1909 జనవరి నుంచి 70 దాటినవాళ్లకు వృద్ధాప్య పింఛను వచ్చింది మరి. వయసు రుజువుకు 1841, 1851 లెక్కల్లో తమ ఇల్లు వెతికించమని వేలమంది అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీ ఫారాలు మిగిలాయి. కాలిపోయిన లెక్కల్లోని కుటుంబాలు కొన్ని వాటి మీద రాసి ఉన్నాయి. 1870లకు ముందు దారి మూసుకుపోయినప్పుడు తట్టాల్సిన తలుపు ఇదే.

జ్ఞానస్నానం తేదీ పుట్టిన తేదీకన్నా ముందు కనిపించినా కంగారు పడనక్కర్లేదు. గడువులోగా పుట్టుక నమోదు చేయించకపోతే జరిమానా ఉండేది. అందుకని పుట్టిన తేదీని అసలు దానికన్నా తర్వాతదిగా చెప్పేవారు. అలాంటప్పుడు చర్చి తేదీనే నమ్మాలి.

అపోహ: డీఎన్ఏ పరీక్షతో అంతా తేలిపోతుంది.

"90 శాతం ఐరిష్" అన్న ఫలితం ఏ ఊరో చెప్పదు. పనికొచ్చేది సరిపోలిన బంధువుల జాబితా. ముత్తాత తల్లిదండ్రులు ఉమ్మడిగా ఉన్నవాళ్లలో పదింట తొమ్మిదిమందికి పోలిక కనిపిస్తుంది. ఇంకో తరం వెనక్కి వెళ్తే అది సగానికి పడిపోతుంది. అందువల్ల ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ల చేత ముందు పరీక్ష చేయించాలి.

అపోహ: సమాధానం దొరక్కపోతే శ్రమ వృథా.

ఏ రిజిస్టర్లు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా, ఏయే వర్ణక్రమాలతో చూశామో రాసిస్తే అదే విలువైన పని. తరువాత వచ్చేవాళ్లు మళ్లీ ఆ పేజీలు తిప్పనక్కర్లేదు. నివేదికలో రుజువైనది, బహుశా అయినది, ఊహ అని మూడు రకాలుగా విడదీయాలి. రాజవంశమో, కుటుంబ చిహ్నమో ఉందని ఊరించకూడదు. అలాంటి చిహ్నాలు వ్యక్తులకు ఇచ్చినవే, ఇంటిపేరుకు కాదు. వర్క్‌హౌస్‌లో (నిరుపేదల ఆశ్రమం) పుట్టిన బిడ్డ, తండ్రి పేరు లేని నమోదు లాంటివి బయటపడితే, చెప్పేముందు తెలుసుకోవాలని ఉందా అని అడగాలి.

అపోహ: మన ప్రాంతానికి దీంతో సంబంధం లేదు.

సికింద్రాబాద్ కంటోన్మెంట్‌కు వచ్చిన దళాల్లో ఐరిష్ సైనికులు చాలామంది. అక్కడ పుట్టిన పిల్లల బాప్తిస్మాల నకళ్లు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీస్ రికార్డుల్లో ఎన్/2 శ్రేణిలో ఉన్నాయి. క్యాథలిక్ చర్చిల నకళ్లు మాత్రం పూర్తిగా వెళ్లలేదు కాబట్టి స్థానిక చర్చి రిజిస్టరు అడగాలి. ఆ నమోదులో తండ్రి రెజిమెంటు పేరుంటే, లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 97 శ్రేణి (సైనికుల సర్వీసు కాగితాలు) చూడాలి. పింఛనుతో విరమించిన సైనికుడి కాగితంలో పుట్టిన పారిష్, దగ్గరి పట్టణం, కౌంటీ రాసి ఉంటాయి. సర్వీసులో ఉండగా చనిపోయినవాళ్ల కాగితాలు అందులో దొరకవు. వాళ్లకు రెజిమెంటు హాజరు పట్టీలే ఆధారం.