చెరువులో నెర్రెలు, దీవిలో స్తంభాలు

ఉడుపి దగ్గర మల్పే నుంచి పడవెక్కి సెయింట్ మేరీస్ దీవులు చూసొచ్చిన హన్మకొండ పాఠకుడొకరు అడిగారు: "అక్కడి రాతిస్తంభాలు వేయిస్తంభాల గుడి లెక్క ఎవరో చెక్కినట్టున్నయి. ఫొటోల మాత్రం ఉత్త నల్లరాళ్ల కుప్ప లెక్క పడ్డయి. ఎందుకు?"

వాటిని చెక్కినవి పగుళ్లు. సుమారు 9 కోట్ల ఏళ్ల కిందట, మడగాస్కర్ మన భూభాగం నుంచి విడిపోయే కాలంలో పైకొచ్చిన లావా అది. చల్లారుతూ కుంచించుకుపోయి పగిలింది. ఎండాకాలం చెరువు ఒండ్రు నెర్రెలు వారేదీ ఇట్లాగే. అక్కడ పోయింది వేడి, ఇక్కడ పోయేది తడి.

అసలు సంగతి పగుళ్లు కలిసే కూడళ్లలో ఉంది. బురద మొదటిసారి ఎండినప్పుడు కొత్త నెర్రె పాతదాన్ని దాదాపు 90 డిగ్రీల్లో తాకుతుంది. పాత నెర్రెకు అడ్డంగా లాగే బలం అప్పటికే తీరిపోయి, దాని వెంబడి లాగే బలమే మిగులుతుంది కాబట్టి. అదే మట్టి పదేపదే తడిసి ఎండితే కూడళ్లు 120 డిగ్రీల వైపు సర్దుకుంటాయి. లావాలో ఈ సర్దుబాటు లోతుకు దిగుతూ జరుగుతుంది. చల్లదనం కొంత దిగగానే పగులు ఒక అంగ వేసి ఆగుతుంది, మళ్లీ వేస్తుంది. అంగ అంగకూ కోణం 120 డిగ్రీలకు కుదురుకుంటూ ఆరు పలకల వైపు నడుస్తుంది. పాఠాల్లో అన్నీ ఆరు పలకలే గీస్తారు. పిల్లలతో లెక్కపెట్టిస్తే అయిదు, ఏడు పలకలవీ బోలెడు దొరుకుతాయి. నిదానంగా చల్లారితే లావు స్తంభాలు, త్వరగా చల్లారితే సన్నవి.

ఒక్కో అంగకు గుర్తుగా ఇట్లాంటి స్తంభాల పక్కల మీద అడ్డచారలు మిగులుతాయి. వాటిని పట్టాలంటే పైనుంచి రాయిని రాసుకుంటూ దిగే వెలుతురు కావాలి, అందుకు మధ్యాహ్నమే నయం. నిలువు అంచులు విడివిడిగా తేలాలన్నా, పైనున్న పలకల అల్లిక కనబడాలన్నా వాలుపొద్దు వెలుతురు పక్కనుంచి పడాలి.

ఫొటోలో రాళ్లు నల్లముద్దయింది కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు వల్ల. పక్కన మెరిసే సముద్రాన్ని లెక్కలోకి తీసుకుని అది రాయిని చీకటి చేస్తుంది. ఆకాశాన్ని ఫ్రేములోంచి తగ్గించి, ఎక్స్‌పోజరు ఒక స్టాపు, అంటే వెలుతురు రెట్టింపయ్యేలా, పెంచండి. ఫోనైతే తెర మీద రాయి కనబడేచోట వేలు పెట్టండి. కెమెరా పైకెత్తితే స్తంభాలు లోపలికి ఒరుగుతాయి. వెనక్కి జరిగి, మట్టంగా పట్టుకుని, లెన్సు అపర్చర్ (వెలుతురు దూరే రంధ్రం) ఎఫ్ 8 లేదా 11 దగ్గర పెట్టి తీయండి. తడిరాయి మెరుపు తగ్గడానికి లెన్సు ముందు పోలరైజర్ ఫిల్టర్ పెట్టి తిప్పుతూ చూడండి, అది ఒకటి నుంచి రెండు స్టాపుల వెలుతురు తింటుంది. లెన్సు మీద ఎండిన ఉప్పుతుంపరను పొడిగుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత మంచినీటితో తడిపిన గుడ్డతో తుడవాలి.

సాధనకు పాకాల చెరువు అంచైనా ఊరి కుంటైనా చాలు. వైశాఖంలో పొద్దు వాలాక కొలత తెలిసేలా 27 మిల్లీమీటర్ల పదిరూపాయల బిళ్లను నెర్రెల పక్కన పెట్టి ఫొటో తీసి, 90 డిగ్రీల కూడళ్లెన్నో 120వి ఎన్నో లెక్కపెట్టండి.