విదేశాలకు వెళ్తున్నారా? ముందు సిమ్ సంగతి తేల్చుకోండి

జూలై వచ్చిందంటే బెంగళూరు మారతహళ్ళిలోని మా మొబైల్ షాపులో పై చదువులకు వెళ్లే మన తెలుగు పిల్లల హడావుడే. అడాప్టర్ ఏది కొనాలో పదిసార్లు అడుగుతారు. సిమ్ దగ్గరికి వచ్చేసరికి అక్కడున్న సీనియర్ చెప్పిందే వేదం. అందులో కొన్ని తప్పులున్నాయి.

అపోహ: అక్కడి నంబర్ వచ్చాక ఇక్కడిది వదిలేయొచ్చు.

వాస్తవం: బ్యాంకు, ఆధార్, ఇన్‌కమ్ ట్యాక్స్ ఓటీపీలన్నీ వచ్చేది ఇక్కడి నంబర్‌కే. రీఛార్జ్ చేయకుండా వదిలేస్తే కొన్నాళ్లకు అది రద్దవుతుంది. ఆపైన 90 రోజులు దాటితే కంపెనీ దాన్ని ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. "వాడని నంబర్‌కి అంత డబ్బు దండగ కదన్నా" అంటారు. రోజుకి 2 జీబీ ప్యాక్ వేస్తే దండగే మరి. డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు కూడా ఇవ్వాలని 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. గడువు 365 రోజుల దాకా ఉండొచ్చంది. అలాంటిది అడిగి మరీ వేయించుకోండి.

అపోహ: ఓటీపీ రావాలంటే రోమింగ్ ప్యాక్ కొనాలి.

వాస్తవం: వచ్చే ఎస్సెమ్మెస్‌కి మామూలుగా ఛార్జీ ఉండదు. కానీ ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ అయి ఉండాలి. ఆ పని విమానం ఎక్కకముందే చూసుకోండి. అక్కడికి వెళ్లాక ఇండియా సిమ్‌లో డేటా రోమింగ్ ఆపేయండి, దానికొచ్చే కాల్స్ ఎత్తకండి. బిల్లు వాచేది అక్కడే.

అపోహ: 5జీ ఫోనైతే ఏ దేశంలోనైనా పనిచేస్తుంది.

వాస్తవం: దీని దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. అమెరికాలో పెద్ద కంపెనీలు 2022లో 3జీ మూసేశాయి. ఇప్పుడు కాల్స్ వెళ్లేది 4జీ, 5జీల మీదే. మీ మోడల్‌ని అక్కడి కంపెనీ ఒప్పుకోకపోతే ఇంటర్నెట్ వచ్చినా కాల్ కలవకపోవచ్చు. ఆస్ట్రేలియాలో 2024 అక్టోబరు నుంచి ఇంకా కఠినం: 4జీలో 000కి ఎమర్జెన్సీ కాల్ చేయలేని ఫోన్లని నెట్‌వర్క్‌లోకే రానివ్వరు. *#06# నొక్కితే ఐఎంఈఐ, అంటే మీ ఫోన్ గుర్తింపు నంబర్ వస్తుంది. దాన్ని అక్కడి కంపెనీ వెబ్‌సైట్లో సరిచూసుకోండి. కొత్త ఫోన్ కొనాలనుకుంటే కొనకముందే మోడల్ పేరుతో చూడండి, కొన్నాక నేను చేయగలిగింది పెద్దగా ఉండదు.

అపోహ: పెద్ద కంపెనీ సిమ్ అయితేనే సిగ్నల్.

వాస్తవం: అమెరికాలో చవక సిమ్‌లూ పెద్ద కంపెనీల టవర్లే వాడతాయి: మింట్ నడిచేది టీ-మొబైల్ టవర్ల మీద, విజిబుల్ వెరిజాన్ మీద, క్రికెట్ ఏటీ అండ్ టీ మీద. రద్దీ వేళ చవక ప్లాన్లకి స్పీడు తగ్గొచ్చు, అంతే. డాలస్‌లో ఉన్న అన్న మాటకన్నా మీ క్యాంపస్‌లో ఉన్నవాళ్ల మాట నమ్మండి.

అక్కడి కంపెనీ వాయిదాల్లో ఇచ్చే ఫోన్ మాత్రం చాలావరకు ఆ కంపెనీకే లాక్ అయి ఉంటుంది. అది నాన్నకి పంపితే ఇక్కడి సిమ్ తీసుకోదు. పైగా అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 14 మోడల్ నుంచి సిమ్ పెట్టే చోటే లేదు, ఫోన్లోనే ఉండే ఈ-సిమ్ ఒక్కటే. "బాబూ, సిమ్ ఎక్కడ పెట్టాలి?" అని ఆ పెద్దాయన మా షాపుకే వస్తారు.

అపోహ: వాట్సాప్ ఉంటే చాలు.

వాస్తవం: దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ కలవవు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌ని అమ్మ ఫోన్లో కూడా వేసి వెళ్లండి.

ఈ-సిమ్‌కి మారాలన్నా, పాత సిమ్ మార్చాలన్నా ప్రయాణానికి వారం ముందే రండి. సిమ్ మార్చాక 24 గంటలు ఎస్సెమ్మెస్‌లు ఆపేస్తారు, ఆ రోజు బ్యాంకు ఓటీపీ రాదు.