హార్మోనియం మెట్లు, నా వెన్నుపూసలు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవులు మనవడికి, మనవరాలికి,

తాతయ్య ఆశీస్సులు. నా నడుము ఎమ్మారై (MRI) స్కానింగు ఫిల్ము చూసి మీరు అడిగిన ప్రశ్న నన్ను వదలడం లేదు. లోపలికి కెమెరా వెళ్ళలేదు, సూది గుచ్చలేదు. మరి నొప్పి ఫలానా పూస దగ్గరే అని ఆ యంత్రానికి ఎలా తెలిసింది?

మన ఒంట్లోని నీటిలో, కొవ్వులో హైడ్రోజన్ ఉంది. దాని కేంద్రకం చిన్న బొంగరం లాంటిది. అయస్కాంత క్షేత్రంలో ఒక లెక్క ప్రకారం తిరుగుతుంది. 1.5 టెస్లాల (టెస్లా అంటే అయస్కాంత క్షేత్ర బలానికి కొలత) యంత్రంలో ఆ లెక్క సెకనుకు దాదాపు 6 కోట్ల 39 లక్షల సార్లు. అదే లెక్కకు సరిపడే రేడియో తరంగంతో ఒకసారి తట్టి ఊరుకుంటే, ఆ కేంద్రకాలు సన్నగా బదులు పలుకుతాయి. కానీ క్షేత్రం అంతటా సమానంగా ఉంటే అన్నీ ఒకే శ్రుతిలో పలుకుతాయి. ఏ పలుకు ఎక్కడిదో తెలియదు.

మా చిన్నతనంలో మా వీధి చివర పద్యనాటకాలు ఆడేవారు. జనం అడ్డుగా ఉండి హార్మోనియం కనిపించేది కాదు. అయినా మా నాన్నగారు వింటూనే ఏ మెట్టు మీద వేలు పడిందో చెప్పేవారు. ఎడమన మంద్రం, కుడిన తారం: చోటుకూ స్వరానికీ ముడి ఉంది కదా!

సరిగ్గా అలాంటి ముడినే ఒంట్లో వేస్తారు. అదనపు తీగచుట్టలతో క్షేత్రాన్ని ఒక వైపు కాస్త పెంచి, మరో వైపు కాస్త తగ్గిస్తారు. దీన్నే ప్రవణత, గ్రేడియంట్ అంటారు. మీటరుకు 10 మిల్లీటెస్లాల వాలు ఇస్తే, సెంటీమీటరు జరిగేసరికి సెకనుకు సుమారు 4,260 సార్ల తేడా వస్తుంది. ఆరు కోట్ల ముందు అదెంత! అయినా చాలు. కలిసి వచ్చిన స్వరాలను కంప్యూటర్ విడదీసి, ఏ స్వరం ఎంత గట్టిగా ఉందో చూస్తుంది.

ఇదే పలుకుతో పదార్థాలను పరీక్షించే అప్పటి రసాయన శాస్త్రజ్ఞులకు క్షేత్రంలో హెచ్చుతగ్గులంటే లోపమే. దాన్ని సరిచేయడానికి నానా తంటాలు పడేవారు. అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు పాల్ లాటర్‌బర్ ఆ హెచ్చుతగ్గునే కావాలని పెట్టి, దాని దిశ మారుస్తూ, రెండు సన్నని నీటి గొట్టాల చిత్రాన్ని 1973లో ప్రచురించారు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చేది ఈ ఆలోచనే. 2003లో ఆయనకూ, ఈ పద్ధతిని మెరుగుపరచిన బ్రిటన్ భౌతిక శాస్త్రజ్ఞుడు పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ నోబెల్ వచ్చింది.

తట్టేటప్పుడే ఒక ప్రవణత పెడితే, శ్రుతి కలిసిన ఒక్క పొరే పలుకుతుంది. వినేటప్పుడు పెట్టిన ప్రవణత అడ్డం వైపు చోటు చెబుతుంది. మరి నిలువు? వినే ముందు లిప్తపాటు ఆ వైపు ప్రవణత పెట్టి తీసేస్తారు. ఆ కాస్తలో కొన్ని బొంగరాలు ముందుకు పోతాయి, కొన్ని వెనకబడతాయి. తరవాత వేగాలు సమానమైనా ఆ ఎడం మిగులుతుంది. ఒక్కసారి చూస్తే లెక్క తేలదు. ప్రవణత బలం కొంచెం కొంచెం మారుస్తూ వంద, రెండు వందల సార్లు తిరిగి వినాలి. “కదలకండి” అని నాకు అన్నిసార్లు చెప్పింది అందుకే.

చెవిలో దూది పెట్టినా వినిపించిన ఆ దడదడ ఈ తీగచుట్టలదే. పెద్ద అయస్కాంతం నడుమ వాటిలో కరెంటు మారినప్పుడల్లా అవి అదురుతాయి.

నాన్నగారి హార్మోనియం అటక మీద ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు దించుదాం. ఒకరు మెట్లు నొక్కండి, ఒకరు తలుపు చాటున నిలబడి చెప్పండి. ముందు ఒక మెట్టు, తరవాత రెండు కలిపి.

మీ తాతయ్య