గుబిలికి కంగారు, చీముకి తాత్సారం: చెవి, ముక్కు, గొంతు అపోహలు – వాస్తవాలు

"డాక్టరు గారూ, చెవులు క్లీన్ చేయించుకుందామని వచ్చాను." ఓపీలో నేను రోజూ వినే మాట ఇది. స్కోపు పెట్టి చూస్తే ఆవగింజంత గుబిలి ఉంటుంది. అదే పూట ఇంకొకాయన దగ్గు మందు కోసం వస్తాడు. చెవిలో దూది ఎందుకు పెట్టుకున్నారని అడిగితే, "అదా, చిన్నప్పటి నుంచీ కారుతుందండీ, అలవాటైపోయింది" అంటాడు. కంగారు పడనక్కర్లేని చోట కంగారు, పరిగెత్తాల్సిన చోట తాత్సారం. ఇన్నేళ్ల ప్రాక్టీసులో నేను చూసిన నష్టంలో ఎక్కువ భాగం దీనివల్ల జరిగిందే.

అపోహ: గుబిలి మురికి. వారానికోసారి తీసేయాలి.

గుబిలి (కొన్ని చోట్ల గులిమి అంటారు) చెవి తన కోసం తయారుచేసుకునే మైనం. దుమ్మునీ నీటినీ లోపలికి పోనివ్వదు. పెద్దవాళ్లలో చెవి రంధ్రం పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. గుబిలి పుట్టేది అందులో బయటి మూడో వంతులోనే. కర్ణభేరికి ఆనుకుని గుబిలి ముద్ద కనిపించిందంటే చాలాసార్లు దాన్ని బడ్‌తో అక్కడిదాకా నెట్టారని అర్థం, పాతకాలం తుపాకీలో మందు దట్టించినట్టు. మామూలుగా అయితే చెవి లోపలి చర్మం గోరు పెరిగినట్టు మెల్లగా బయటికి జరుగుతూ ఉంటుంది. మనం అన్నం నమిలేటప్పుడు దవడ కదలిక కూడా సాయం చేస్తుంది. గుబిలి దానంతటదే బయటికి వచ్చేస్తుంది.

స్నానం చేశాక తువ్వాలు కొసతో చెవి బయట తుడుచుకుంటే చాలు. గట్టిపడి వినికిడి తగ్గితే, డ్రాప్స్‌తో మెత్తబరిచి మేం తీస్తాం. పిన్నీసు, అగ్గిపుల్ల, బండి తాళం మాత్రం వద్దు. పేరులో చెవి ఉన్నంత మాత్రాన తాళంచెవి పెట్టుకోవాల్సింది అక్కడ కాదు.

అపోహ: చెవిపోటుకి వెల్లుల్లి కాచిన నూనె మంచిది.

అమ్మమ్మలతో గొడవ పెట్టుకోవాలని నాకు లేదు. కానీ ఒక్కసారి ఆలోచించండి. పిల్లలకి జలుబు చేసినప్పుడు ముక్కు వెనక నుంచి మధ్య చెవికి వెళ్లే సన్నటి గొట్టం మూసుకుపోతుంది. పిల్లల్లో అది పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. దాంతో కర్ణభేరి వెనక చీము చేరుతుంది. పోటు దానివల్ల. మీరు పోసిన నూనె భేరికి ఇవతలే ఆగిపోతుంది, రోగం అవతల ఉంది. పోనీ, చిల్లు ఉండి నూనె అవతలికి వెళ్లిందనుకోండి, అది ఇంకా ప్రమాదం. నూనె వేడి కాస్త ఎక్కువై లోపలి చర్మం బొబ్బలెక్కిన పిల్లల్ని కూడా చూశాను. రాత్రిపూట పోటు వస్తే బరువుకి తగ్గ మోతాదులో పారాసెటమాల్ ఇచ్చి, పొద్దున్నే చూపించండి.

వానాకాలంలో నా దగ్గరికి వచ్చే చెవి దురదల్లో చాలావరకు బూజువే. స్కోపులో చూస్తే తడిసిన న్యూస్‌పేపరు ముద్దలా ఉంటుంది, తెల్లటి దాని మీద నల్లచుక్కలు. "ఏమైనా పోశారా అమ్మా?" అంటే, "రెండు చుక్కలు కొబ్బరినూనె, అంతేనండీ."

నూనెకి ఒక్క మినహాయింపు ఉంది. చెవిలో బతికున్న పురుగు దూరి గోల పెడుతుంటే, కర్ణభేరికి చిల్లు లేదని తెలిస్తే, గోరువెచ్చని నూనె నాలుగు చుక్కలు వేయొచ్చు. పురుగు చస్తుంది, తర్వాత మేం తీస్తాం. పిల్లాడు బొమ్మలోని బటన్ బ్యాటరీ చెవిలోనో ముక్కులోనో పెట్టుకుంటే మాత్రం ఏమీ పోయకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి రండి. అది గంటల్లోనే కండని తినేస్తుంది. రేపు చూద్దాం అనుకోకండి.

అపోహ: చీము ఆపితే తలకెక్కుతుంది. కారనివ్వడమే మంచిది.

దీన్ని చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు. నిజం దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. తలకెక్కేది చీము ఆపినందుకు కాదు, రోగాన్ని వదిలేసినందుకు.

చెవి కారడంలో మేం ముఖ్యంగా రెండు రకాలు చూస్తాం. ఒకటి, కర్ణభేరి మధ్యలో చిల్లు. జలుబు చేసినప్పుడో, తలస్నానం చేసి నీళ్లు పోయినప్పుడో జిగురుగా, వాసన లేకుండా కారుతుంది. దీన్ని ఎండబెట్టి, కణత కండరం మీది పలచటి పొర తీసి అతుకు వేస్తాం. రెండోది కొలెస్టియటోమా. కొంచెమే కారుతుంది, కానీ కుళ్లు వాసన వస్తుంది. మనిషి కుర్చీలో కూర్చోగానే నాకు తెలిసిపోతుంది. చర్మం లోపలికి ముడుచుకుపోయి, ఉల్లిపొరల్లా పేరుకుని, చుట్టూ ఎముకని కొద్దికొద్దిగా తినేస్తుంది. ఆ ఎముకకి పక్కనే మొహం కదిలించే నరం ఉంది, పైన మెదడు పొర ఉంది. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మూతి వంకర పోయాకనో, తలనొప్పి, వాంతులు, జ్వరం మొదలయ్యాకనో తీసుకొస్తారు. దీనికి చుక్కల మందు చాలదు, ఆపరేషనే.

కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సింది ఎంత కారుతోందన్నది కాదు. వాసన వస్తోందా, రాదా.

అపోహ: చెవి దిబ్బడ వేసింది, జలుబు తగ్గితే అదే పోతుంది.

చాలాసార్లు నిజంగానే పోతుంది. అందుకే ఈ అపోహ ఇంత మోసం చేస్తుంది. రాత్రి బాగానే పడుకుని, పొద్దున లేచేసరికి ఒక చెవి పూర్తిగా మూగబోతే, జలుబు కాక వినికిడి నాడి దెబ్బతిని ఉండొచ్చు. నేను ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నుదుటి మధ్యలో ఆనిస్తాను. గుబిలి, జలుబు అయితే మోత దిబ్బడ వేసిన చెవిలోనే గట్టిగా వినిపిస్తుంది. నాడి దెబ్బతింటే బాగున్న చెవి వైపు వెళ్లిపోతుంది. ఆ రెండో జవాబు వచ్చిందంటే ఆ రోజే ఆడియోమెట్రీ (వినికిడి కొలిచే పరీక్ష) చేసి స్టెరాయిడ్ మొదలుపెడతాం. మొదటి కొద్ది రోజుల్లో వస్తే కోలుకునే అవకాశం ఎక్కువ. రెండు వారాలు దాటాక ఆశ తగ్గిపోతూ ఉంటుంది. నెలరోజులు ఆవిరి పట్టి వచ్చినవాళ్లకి ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

అపోహ: కళ్లు తిరిగితే మెడ నరాల జబ్బే.

మెడకి పట్టీ వేసుకుని ఒకావిడ వచ్చారు. మంచం మీద కుడిపక్కకి తిరిగితే చాలు, ఇల్లంతా గిర్రున తిరుగుతుందట, అర నిమిషానికి ఆగిపోతుందట. మెడ ఎక్స్‌రేలు నాలుగు తెచ్చారు. ఆవిడ తల 45 డిగ్రీలు కుడికి తిప్పి గబుక్కున వెనక్కి పడుకోబెట్టాను. రెండు మూడు సెకన్లలో కనుగుడ్లు వాటంతటవే కొట్టుకోవడం మొదలైంది. లోపలి చెవిలో సున్నపు రవ్వల్లాంటివి చోటు తప్పి పక్క కాలువలోకి జారితే ఇలా అవుతుంది. మందులతో అవి వెనక్కి రావు. తలని ఒక వరసలో తిప్పుతూ రవ్వల్ని సొంత చోటికి పంపాలి. దీన్ని ఎప్లీ పద్ధతి అంటాం. ఐదు నిమిషాల పని. పట్టీ చేతిలో పట్టుకుని వెళ్లారు.

ఇక చిన్నచిన్నవి

ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వాల్చకండి, రక్తం గొంతులోకి పోతుంది. ముందుకి వంగి, ముక్కు మెత్తటి భాగాన్ని గట్టిగా నొక్కి పది నిమిషాలు వదలకుండా పట్టుకోండి. మధ్యలో తీసి ఆగిందా అని చూడొద్దు.

"నాకు సైనస్ ఉందండీ" అంటే "నాకూ ఉందమ్మా" అంటాను. సైనస్ అంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గది, అందరికీ నాలుగు జతలు ఉంటాయి. ముక్కు శుభ్రంగా ఉండి తలనొప్పి వస్తుంటే అది చాలావరకు మైగ్రేనే.

ముక్కు తెరిపించే చుక్కల మందు ఐదు రోజులకి మించి వాడితే, ఆ మందు వల్లే ముక్కు మూసుకుపోతుంది. జేబులో ఒక సీసా, దిండు కింద ఒకటి పెట్టుకుని తిరిగేవాళ్లు చాలామందే ఉన్నారు.

టాన్సిల్స్ తీస్తే రోగనిరోధక శక్తి పోదు. అలాగని గొంతు నొప్పి వచ్చిన ప్రతిసారీ తీయం కూడా. ఏడాదిలో ఏడుసార్లో, వరసగా రెండేళ్లు ఏటా ఐదుసార్లో, మూడేళ్లు ఏటా మూడుసార్లో గట్టిగా వస్తేనే ఆ మాట ఎత్తుతాం.

అపోహ: బిడ్డకి ఇంకా మాటలు రాకపోతే ఏం, వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి.

మేనరికాలు ఎక్కువున్న మన దగ్గర ఈ మాట వింటే నాకు గుండె జారిపోతుంది. దగ్గరి సంబంధాల్లో పుట్టుచెవుడు ఎక్కువ. "గిన్నె పడేస్తే తిరిగి చూశాడండీ" అంటారు. వాడు విన్నది చప్పుడు కాకపోవచ్చు, కాళ్ల కింద నేల అదిరి ఉండొచ్చు, మీ చెయ్యి కదలడం చూసి ఉండొచ్చు. పుట్టిన నెలలోపే ఓఏఈ అనే వినికిడి పరీక్ష చేయించవచ్చు. బిడ్డ నిద్రపోతుండగా చెవిలో చిన్న ప్రోబ్ పెడతారు, నొప్పి ఉండదు. తేడా ఉంటే మూడో నెలకల్లా బెరా పరీక్షతో (శబ్దం నాడి గుండా మెదడుకి చేరుతోందా అని చూసేది) తేల్చుకుని, ఆరో నెలకల్లా వినికిడి మిషన్ పెట్టాలి. దానితో చాలకపోతే కాక్లియర్ ఇంప్లాంట్, అంటే ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం. ఆరోగ్యశ్రీలో చిన్నపిల్లలకి అది ఉచితంగా చేసే ఏర్పాటు ఉంది, కానీ వయసు పరిమితి ఉంది. మాట నేర్చే మెదడుకి కూడా ఒక గడువు ఉంటుంది. రెండేళ్లకి తెచ్చిన బిడ్డకీ ఆరేళ్లకి తెచ్చిన బిడ్డకీ అదే మిషన్ పెడతాం, కానీ మాటలు ఒకేలా రావు. గిన్నెలు పడేసి చూడటం ఆపి, ఆ ఓఏఈ ఒకటి చేయించండి.