ఇంగ్లీష్‌లో మనుషుల స్వభావం చెప్పాలంటే: పిల్లలకి పెదనాన్న ఉత్తరం

బుజ్జమ్మా, చిన్నోడా, ఇంకా ఈ కాగితం మీ చేతుల్లోంచి ఎవరెవరి చేతుల్లోకి పోతే ఆ పిల్లలందరికీ,

ఇంటర్వ్యూలో నీ గురించి మూడు మాటల్లో చెప్పు అంటే ఏం చెప్పాలి పెదనాన్నా అని బుజ్జమ్మ అడిగింది, చిన్నోడేమో మై బెస్ట్ ఫ్రెండ్ అని పేరా మొదలెట్టి గుడ్ బాయ్, నైస్ బాయ్, వెరీ వెరీ గుడ్ బాయ్ అనేసి పెన్ను కింద పెట్టేశాడు. ఫోన్లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తారని కూర్చుని రాస్తున్నా. నేను ఇంగ్లీష్ మాస్టార్నేం కాదు, గవర్నమెంటాఫీసులో చేసి రిటైరైన వాణ్ణి, కాకపోతే ఏటేటా కింద స్టాఫ్ మీద కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు రాయాల్సొచ్చేది, అంటే ఒక మనిషి గుణం మొత్తం రెండు లైన్ల ఇంగ్లీష్‌లో పెట్టాలి, ఆ లైన్ల మీద అతని ప్రమోషన్ ఆధారపడి ఉంటుంది, అలా ఈ మాటలతో కాస్త చెలిమి కుదిరింది.

ముందు ఒక సంగతి చెప్తా, కంగారు పడకండి. 1936లో అమెరికాలో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అని ఇద్దరు సైకాలజిస్టులు వెబ్‌స్టర్ డిక్షనరీ మొత్తం జల్లెడ పట్టి, మనిషిని వర్ణించడానికి పనికొచ్చే మాటలు ఎన్నున్నాయో లెక్క తీశారు. 17,953 తేలాయి! అందులో మనిషిలో నిలకడగా ఉండే గుణాలకి సంబంధించినవి ఓ నాలుగున్నర వేలు, మిగతావి అప్పటికప్పుడు వచ్చిపోయే మూడ్‌లు, పొగడ్తలు, తిట్లు వగైరా. తర్వాత వచ్చినవాళ్ళు దగ్గర దగ్గర అర్థాలవన్నీ కలుపుకుంటూ పోతే చివరికి ఐదు కుప్పలు మిగిలాయి, 1981లో లూయిస్ గోల్డ్‌బర్గ్ అనే ఆయన వాటిని బిగ్ ఫైవ్ అన్నాడు. మీకు పరీక్షకి సైకాలజీ లేదు కాబట్టి ఆ సిద్ధాంతం వదిలెయ్యండి, కానీ మాటలు నేర్చుకోడానికి మాత్రం ఆ కుప్పలు బ్రహ్మాండంగా పనికొస్తాయి, ఏ టు జెడ్ లిస్టు బట్టీ పట్టేకన్నా వెయ్యి రెట్లు నయం.

కొత్త విషయాలంటే ఎంత ఇష్టం అన్నది ఒక కుప్ప, అందులో క్యూరియస్, ఇమాజినేటివ్, ఓపెన్ మైండెడ్ ఒక కొసన ఉంటే కన్వెన్షనల్, నారో మైండెడ్ రెండో కొసన ఉంటాయి. పని ఎంత ఒద్దికగా చేస్తాడు అన్నది ఇంకోటి: ఆర్గనైజ్డ్, పంక్చువల్, రిలయబుల్, వీటన్నిటికీ పెద్దన్న కాన్షియెన్షస్ (నోరు తిరిగేదాకా పదిసార్లు అనుకోండి, ఇంటర్వ్యూలో ఈ మాట సగంలో ఆగిపోతే బాగోదు), అవతల కొసన కేర్‌లెస్, లేజీ. నలుగురిలో ఎలా ఉంటాడు అంటే అవుట్‌గోయింగ్, సోషబుల్, టాకెటివ్, ఎదురుగా క్వయెట్, రిజర్వ్‌డ్, షై. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి, రిజర్వ్‌డ్ వేరు, షై వేరు. షై అంటే మాట్లాడాలని ఉన్నా బెరుకు, రిజర్వ్‌డ్ అంటే బెరుకేం లేదు, అవసరమైతేనే నోరు విప్పుతాడు. మన బుజ్జమ్మ రెండోది, చుట్టాలంతా మొదటిదనుకుంటారు. ఇక ఎదుటివాళ్ళ పట్ల మనసెలాంటిది అన్నదానికి కైండ్, కన్సిడరేట్, జెనరస్, అవతల సెల్ఫిష్, రూడ్. గాభరా ఎంత అన్నదానికి కామ్, లెవెల్ హెడెడ్, అవతల యాంగ్షస్, మూడీ, టచీ. టచీ అంటే మనవాళ్ళు "ముట్టుకుంటే భగ్గుమంటాడు" అంటారే, అదే.

సరే, మాటలు ఇవి. అసలు తిరకాసు ఇప్పుడొస్తుంది. ఇంగ్లీష్‌లో స్వభావం చెప్పే మాటల్లో చాలా వాటిలో ఎదుటి మనిషి గురించి ఎంత ఉంటుందో, చెప్పేవాడికి ఆ మనిషంటే ఇష్టమో కాదో కూడా అంతే ఉంటుంది. బెర్ట్రండ్ రసెల్ అనే పెద్ద ఫిలాసఫర్ 1948లో బీబీసీ రేడియోలో సరదాగా దీన్ని గ్రామర్‌లో క్రియాపదం మార్చినట్టు మార్చి చెప్పాడు: నేనైతే ఫర్మ్, నువ్వైతే ఆబ్‌స్టినేట్, వాడైతే పిగ్ హెడెడ్ ఫూల్. మనిషి చేసిన పని ఒకటే, మాట పట్టుకుని వదల్లేదు, అంతే! మన ఇంట్లో కూడా మనవాడికి పట్టుదల, పక్కింటివాడికి మొండితనం కదా.

ఇలాంటి జతలు చూస్తే ఇక వదలబుద్ధి కాదు. డబ్బు చూసుకుని ఖర్చుపెట్టేవాణ్ణి థ్రిఫ్టీ అంటే మెచ్చుకున్నట్టు, స్టింజీ అంటే పీనాసి అన్నట్టు. అన్నీ అడిగి తెలుసుకునేవాడు క్యూరియస్, అదే మన జీతం ఎంతో అడిగితే నోజీ. తన మీద నమ్మకం ఉన్నవాడు కాన్ఫిడెంట్, మనకి నచ్చకపోతే యారొగెంట్. ఉన్నదున్నట్టు చెప్తే ఫ్రాంక్, అది మన గురించి చెప్తే బ్లంట్. ఆలోచించి అడుగేసేవాడు కాషియస్, వాడివల్ల మన పని ఆగిపోతే టిమిడ్. ఇంకోటుంది, ఇది ఆడపిల్లలు బాగా గుర్తుపెట్టుకోండి, నలుగురికీ పని చెప్పి చేయించే మగపిల్లాణ్ణి లీడర్ అంటారు, అదే పని అమ్మాయి చేస్తే బాసీ అంటారు. నాకైతే ఆ మాట ఎప్పుడు విన్నా ఒళ్ళు మండుతుంది. ఎవరైనా మీ గురించి బాసీ అంటే ఊరుకోకండి, ఐ యామ్ అసర్టివ్ అని నవ్వుతూ చెప్పండి, అర్థం దాదాపు అదే, గౌరవం మాత్రం మీ వైపు ఉంటుంది.

అందుకని కొత్త మాట దొరికినప్పుడల్లా అర్థం ఒక్కటే రాసుకుంటే చాలదు, పక్కన ప్లస్సో మైనస్సో పెట్టుకోండి, కొన్నిటికి రెండూ పెట్టాల్సొస్తుంది. యాంబిషస్, ష్రూడ్, సెన్సిటివ్ లాంటివి ఎవరు ఎవర్ని ఎప్పుడు అన్నారన్న దాన్నిబట్టి అటూ ఇటూ ఒరుగుతాయి. మన లౌక్యం అన్న మాట లేదూ, అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో గొంతు విన్నాకే తెలిసేది, ష్రూడ్ కూడా అలాంటి సరుకే.

ఇప్పుడు మనవాళ్ళు వాడే ఇంగ్లీష్ సంగతి. ఇక్కడ పుట్టి పెరిగి ఇక్కడే చెల్లే మాటలు కొన్నున్నాయి, అవి పట్టుకుని అమెరికా వెళ్తే తంటానే. పెళ్ళి ప్రకటనల్లో హోమ్లీ గర్ల్ అని వేస్తారా, ఇంటిపట్టున అణకువగా ఉండే పిల్ల అని మన ఉద్దేశం, అమెరికాలో అదే మాటకి అందం అంతంతమాత్రం అని అర్థం! వాడు చాలా ఫ్రీగా మూవ్ అవుతాడు అని హీ ఈజ్ ఫ్రీ అంటే ఖాళీగా ఉన్నాడనుకుంటారు, ఈజీగోయింగ్ అనో ఫ్రెండ్లీ అనో అనాలి. కోట్లుండీ సింపుల్‌గా ఉంటాడు అని హీ ఈజ్ సింపుల్ అనేస్తాం, అక్కడ దానికి బుర్ర తక్కువ అన్న అర్థం కూడా ఉంది, మాడెస్ట్ అనో డౌన్ టు ఎర్త్ అనో అనండి. అమాయకుడు అనడానికి ఇన్నోసెంట్ అంటే కోర్టులో నిర్దోషి గుర్తొస్తాడు, నయీవ్ అనాలి, కానీ అందులో చిన్న చురక ఉంది జాగ్రత్త. అతనో క్యారెక్టర్ అంటే వాళ్ళకి సరదా అయిన, కాస్త తిక్క మనిషి, అదే మన దగ్గర క్యారెక్టర్ అనగానే పెద్దవాళ్ళు గొంతు తగ్గిస్తారు.

సిన్సియర్ దగ్గర నాకే ఆశ్చర్యమేసింది. మా రిపోర్టుల్లో సిన్సియర్ అండ్ హార్డ్ వర్కింగ్ అన్నది అందరికీ వేసే స్టాంపు, సిన్సియర్ అంటే టైముకొచ్చి బుద్ధిగా పని చేస్తాడని మా లెక్క. అసలైతే ఆ మాటకి లోపలొకటి బైటొకటి లేనివాడని అర్థం. 1968లో నార్మన్ ఆండర్సన్ అనే ఆయన 555 గుణాల మాటలు కాలేజీ పిల్లలకిచ్చి, ఇలాంటి మనిషి మీకెంత నచ్చుతాడో మార్కులెయ్యమంటే అన్నిటికన్నా పైన వచ్చింది సిన్సియర్, అట్టడుగున లయర్, అంటే అబద్ధాలకోరు. తెలివి, అందం, చలాకీతనం ఏవీ దాన్ని దాటలేదు. మేమేమో ఫైళ్ళు క్లియర్ చేసేవాడికల్లా ఆ మాట పంచిపెట్టాం.

తర్వాత తోక సంగతి. హీ ఈజ్ షార్ట్ టెంపర్ అనకండి, షార్ట్ టెంపర్డ్, ఆ చివరి డ్ మింగేస్తే వాక్యం కుంటుతుంది. కైండ్ హార్టెడ్, యాబ్సెంట్ మైండెడ్, థిక్ స్కిన్‌డ్, టూ ఫేస్‌డ్, టైట్ ఫిస్టెడ్ అన్నీ ఇదే బాపతు, గుండెకో తలకో తోలుకో పిడికిలికో గుణాన్ని తగిలించడం. ఇది మనకి కొత్తేం కాదు, చేతివాటం, నోటి దురుసు, తోలు మందం, వెన్నలాంటి మనసు అని మనం అంటూనే ఉన్నాం, అందుకే ఈ రకం తెలుగు పిల్లలకి చప్పున పట్టుబడతాయి.

గ్రహాల మాటలు కూడా అంతే. జోవియల్ అనేది రోమన్ల జోవ్ నుంచి వచ్చింది, అంటే జూపిటర్, మన గురుడు, ఆయన కింద పుట్టినవాడు హుషారుగా ఉంటాడని పాతకాలం యూరప్‌వాళ్ళ నమ్మకం. శాటర్నైన్ అంటే మొహం వేలాడేసుకుని ఉండేవాడు, శాటర్న్ ఎవరో చెప్పక్కర్లేదుగా, మన శనే. గడియకో రకంగా మారేవాడు మెర్క్యూరియల్, అది బుధుడి మాట. మీ నాయనమ్మ ఇవి వింటే అక్కడా పంచాంగం ఉందన్నమాట అనేది.

ఇంకోటి, ఇంగ్లీష్‌వాళ్ళు చెడ్డ మాట సూటిగా అనరు. హీ ఈజ్ లేజీ అనరు, హీ కెన్ బీ ఎ బిట్ లేజీ అంటారు, లేదా హీ ఈజ్ నాట్ ద మోస్ట్ హార్డ్ వర్కింగ్ పర్సన్ అంటారు. ఆ ఎ బిట్ చూసి కొంచెమేలే అనుకోకండి, తరచుగా బాగానే అని అర్థం. మీరు రాసేటప్పుడు కూడా కెన్ బీ, టెండ్స్ టు వాడటం అలవాటు చేసుకోండి, మనిషి మీద ముద్ర గుద్దేసినట్టు ఉండదు.

ఇక బుజ్జమ్మ ఇంటర్వ్యూ. 1946లో సోలమన్ యాష్ అనే ఆయన ఎవరో ఒక మనిషివని చెప్పి ఏడు గుణాలు చదివి వినిపించాడు, తెలివైనవాడు, నేర్పరి, కష్టజీవి ఇలా, మధ్యలో ఒక గుంపుకి వార్మ్ అని, ఇంకో గుంపుకి కోల్డ్ అని, తేడా ఆ ఒక్క మాటే. వార్మ్ విన్నవాళ్ళు ఆ మనిషి ఉదారుడు, సరదా మనిషి అని ఊహించుకున్నారు, కోల్డ్ విన్నవాళ్ళకి గీచి గీచి లెక్కలేసే మనిషి కనిపించాడు. ఇంకో ప్రయోగంలో వేరే గుణాల లిస్టుని వరస తిరగేసి చదివితే కూడా అభిప్రాయం మారిందట, మొదట విన్నదే బలంగా నిలబడింది. కాబట్టి బుజ్జమ్మా, మూడు మాటల్లో ఒకటన్నా మనుషుల పట్ల నువ్వెలా ఉంటావో చెప్పేది పెట్టు, అదే ముందు చెప్పు. తెలివి సంగతి వాళ్ళకి నీ మార్కులు చెప్తాయి. హార్డ్ వర్కింగ్ ముందరి పదిమందీ చెప్పే ఉంటారు, వదిలెయ్. చెప్పిన ప్రతి మాట కిందా ఒక పని చూపించు, కన్సిడరేట్ అంటే ఎవరికోసం ఏం చేశావ్, ఆర్గనైజ్డ్ అంటే కాలేజీ ఫెస్ట్‌లో డబ్బు లెక్కలు ఎలా రాశావ్, పని చూపించలేని మాట అసలు ఎత్తకు. లోపం ఏంటంటే ఐ యామ్ ఎ పర్ఫెక్షనిస్ట్ అని మాత్రం అనకు తల్లీ, విని విని వాళ్ళకి విసుగొచ్చి ఉంటుంది.

చిన్నోడికి హోంవర్క్: మీ నాన్న గురించి ఐదు వాక్యాలు, గుడ్, నైస్ రెండూ నిషేధం. మొహమాటం అనే మాట వస్తే మాత్రం ఆగిపోతావ్, దానికి సరిపోయే ఒక్క మాట ఇంగ్లీష్‌లో లేదు, ఎవరేమడిగినా కాదనలేడు అని వాక్యంగా రాసెయ్. టైట్ ఫిస్టెడ్ అని రాయాలనిపిస్తే థ్రిఫ్టీ అని రాయి, పాకెట్ మనీ ఇచ్చేది ఆయనే. రాసి ఫోటో తీసి నాకు పంపు, మీ అమ్మ గురించి కూడా రాస్తానంటే రాయి గానీ అది ముందు నాకే పంపు.

మీ
పెదనాన్న