వైర్లు కనిపించని రేపటి ఇల్లు: కాన్సెప్ట్ డిజైన్లపై అపోహలు – వాస్తవాలు

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కట్టుకునేవారికి కరెంటు వైరింగు, హోమ్ ఆటోమేషన్ ప్లానులు గీసి ఇవ్వడం నా వృత్తి. శ్లాబు పోయడానికి ముందో, గోడలకు పైపులు వేసే దశలోనో యజమానులతో కూర్చున్నప్పుడల్లా ఈ మధ్య ఒకే మాట వినవలసి వస్తోంది. ముందుగా ఫోన్‌లో ఒక వీడియో చూపిస్తారు. అందులో గోడలో కలిసిపోయిన టీవీ, బల్ల మీద ఎక్కడ పెట్టినా ఛార్జి అయ్యే ఫోన్, ఆధారం లేకుండా తేలుతున్న దీపం ఉంటాయి. స్విచ్చుబోర్డు గాని తీగ గాని మచ్చుకైనా ఉండవు. చూపించాక, "ఇంకో అయిదేళ్ళలో అంతా వైర్‌లెస్సే కదండీ, ఇప్పుడు ఈ పైపులకు ఇంత ఖర్చు దేనికండీ?" అని అడుగుతారు. రేపటి గృహోపకరణాల కాన్సెప్ట్ డిజైన్ల (ఇంకా తయారుకాని వస్తువుల ఊహాచిత్రాల) చుట్టూ అల్లుకున్న అపోహలలో ఇంటి యజమాని జేబుకు అన్నిటికంటే పెద్ద చిల్లు పెట్టేది ఇదే కాబట్టి, ముందు దీని సంగతి తేలుస్తాను. తక్కినవాటికి ఇంత చోటు అక్కరలేదు.

అపోహ: రాబోయే కాలమంతా వైర్‌లెస్ కాబట్టి గోడల్లో అదనపు పైపులు, వైర్లు దండగ.

వాస్తవం: మీరు చూసిన హాలులో వైర్లు లేకపోవడానికి కారణం అది కంప్యూటర్‌లో గీసిన హాలు కావడమే. వస్తువు ఆకారాన్ని సరిచూసుకోవడానికి, గదిలో అది ఎలా ఒదుగుతుందో గమనించడానికి, చూసినవారు ఏమంటారో తెలుసుకోవడానికి డిజైనర్లు కాన్సెప్ట్ చిత్రాలను తయారుచేస్తారు. ఆ వస్తువుకు కరెంటు ఎక్కడినుంచి వస్తుంది, వేడి ఎటు పోతుంది, పాడైతే దాన్ని ఎవరు విప్పుతారు అన్న ప్రశ్నలను ఆ దశలో ఎవరూ నెత్తిన వేసుకోరు. అందులో వారి తప్పేమీ లేదు. తప్పల్లా ఆ బొమ్మను చూసి మనం పైపింగు ప్లాను మీద కొట్టివేతలు పెట్టడంలోనే ఉంది.

సమాచారం గాలిలో ప్రయాణించడం వేరు, కరెంటు గాలిలో ప్రయాణించడం వేరు. రౌటరు వెదజల్లే తరంగాలలో అత్యల్పమైన శక్తి మాత్రమే ఫోన్‌కు చేరుతుంది. ఫోన్ దాన్ని తన బ్యాటరీ బలంతో పెద్దది చేసుకుని చదువుకుంటుంది. ఫ్యాను తిరగడానికి ఆ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే ఫ్యానుకు కావలసింది కబురు కాదు, శక్తే. నలుదిక్కులకూ పరుచుకునే తరంగం తీవ్రత దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది. పరుచుకోకుండా ఒకే దిక్కుకు కూడగట్టి పంపుదామంటే, ఆ దారిలో పిల్లలో పెద్దలో తిరుగుతూ ఉంటారు కాబట్టి భద్రతా పరిమితులు అడ్డుపడతాయి. ఈ చిక్కు ఎవరి తెలివి చాలక వచ్చినదీ కాదు గనుక, వచ్చే ఏడాది మోడల్‌లో తొలగిపోతుందని ఆశించడానికి లేదు.

జరిగిన ప్రయత్నాలూ ఇదే చెబుతాయి. తీగ లేకుండా కరెంటును దూరతీరాలకు పంపాలన్న ఆశతో నికోలా టెస్లా 1901లో న్యూయార్క్ సమీపంలోని లాంగ్ ఐలండ్‌లో ఒక గోపురం కట్టడం మొదలుపెట్టాడు. ఆ ఆశ నెరవేరకుండానే 1917లో దాన్ని కూల్చివేశారు. ఫోన్‌ను, గడియారాన్ని, ఇయర్‌ఫోన్ల డబ్బాను ఎక్కడ పెట్టినా ఛార్జి చేసే పలుచని చాపను ఆపిల్ సంస్థ 2017 సెప్టెంబరులో ప్రకటించి, తమ ప్రమాణాలను అది అందుకోలేదంటూ 2019 మార్చిలో రద్దు చేసుకుంది. కొన్ని మీటర్ల దూరం నుంచి గాలిలోనే ఫోన్‌ను ఛార్జి చేసే యంత్రాన్ని షావోమీ సంస్థ 2021 జనవరిలో చూపింది. అది అందించగలదని చెప్పిన శక్తి 5 వాట్లు. ఆ 5 వాట్లను మన ఇంటి లెక్కల పక్కన పెట్టి చూడండి. మామూలు సీలింగు ఫ్యానుకు సుమారు 75 వాట్లు, తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యానుకు సుమారు 30 వాట్లు, గీజరుకు 2000 వాట్లు, మే నెల విజయవాడలో రాత్రంతా నడవక తప్పని ఒకటిన్నర టన్నుల ఏసీకి దాదాపు 1500 వాట్లు కావాలి. అంగడిలో ఇప్పుడు దొరికే వైర్‌లెస్ ఛార్జర్లు ఎక్కువగా కొన్ని మిల్లీమీటర్ల ఎడంలోనే పనిచేస్తాయి. ఫోన్ కాస్త పక్కకు జరిగితే ఛార్జింగు ఆగిపోతుంది. పైనుంచి గిన్నె ఎత్తగానే ఇండక్షన్ పొయ్యి పని ఆగిపోవడానికి వెనక ఉన్నదీ ఇదే సూత్రం. ఆ ఛార్జరుకూ ఆ పొయ్యికీ వెనక ఉన్న వైరును వీడియోలో చూపించరు, అంతే.

ఇక సమాచారం సంగతి. గాలిలో వస్తున్నదని మనం అనుకునే ఇంటర్నెట్టు ఫైబరు కనెక్షను ఉన్న ఇంటికి గుమ్మం దాకా గాజు తీగలోనే వస్తుంది. అక్కడినుంచి పై అంతస్తుకు పోవాలంటే ఇనుప చువ్వలు కట్టి పోసిన శ్లాబు అడ్డంగా ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ వైఫై ఆ శ్లాబును దాటేసరికి నీరసించిపోతుంది. స్మార్ట్ ప్లగ్గులు, బల్బులు ఎక్కువగా వాడుకునే 2.4 గిగాహెర్ట్జ్ కొంత నయమే గాని, అపార్టుమెంటులో చుట్టుపక్కల రౌటర్లన్నీ ఆ ఇరుకు దారిలోనే తోసుకుంటూ ఉంటాయి. అందువల్ల వైఫై నిలకడగా అందాలంటే ప్రతి అంతస్తులోనూ సీలింగుకు ఒక యాక్సెస్ పాయింటు (వైఫైని వెదజల్లే చిన్న పెట్టె), దాని దాకా ఒక క్యాట్ 6 రకం నెట్‌వర్కు కేబులు ఉండడం మేలు. అదే కేబులులో కరెంటును కూడా పంపే పీవోఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) ప్రమాణం 2003లో 15.4 వాట్లతో మొదలై 2018 నాటికి 90 వాట్లకు చేరింది. కెమెరాలు, వీడియో డోర్‌బెల్లులు, గోడ ప్యానెళ్ళు దాని మీదే నడుస్తున్నాయి. బొమ్మలు ఏమి చూపినా, గోడలోని తీగకు పని పెరుగుతున్నదే గాని తగ్గడం లేదు.

పోరంకిలో పదవీ విరమణ చేసిన ఒక మాస్టారు రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నారు. అమెరికాలో ఉన్న కొడుకు వాట్సాప్‌లో పంపిన కాన్సెప్ట్ వీడియోలు చూసి, నేను గీసిన డేటా పైపులన్నిటినీ తీసివేయమన్నారు. నేను వాదించాను గాని, "మావాడు ఆ రంగంలోనే ఉన్నాడండీ" అన్న మాటకు తండ్రి ముందు ఎదురు చెప్పడం ఎవరి తరమూ కాదు. గృహప్రవేశం అయిన తరువాతి సెలవులకు ఆ కొడుకే వచ్చి, మేడ మీది గదిలో కూర్చుని రాత్రిపూట ఆఫీసు మీటింగులు పెట్టుకుంటే మాటలు తెగిపోవడం మొదలైంది. గేటు దగ్గరి కెమెరా రోజూ మొరాయించింది. చివరకు కొత్త రంగు మీద, లప్పం మీద కట్టరు పెట్టి గాడి కొట్టించవలసి వచ్చింది. పైపులు వేసే రోజునైతే ఆ పనికి పైపుల ధర, మరో పూట కూలి సరిపోయేవి. తరువాత అయితే గోడ కటింగు, సిమెంటు, లప్పం, రంగు అన్నీ మళ్ళీ మొదలు. మాస్టారి భార్య దేవుడి గదికి దుప్పట్లు కట్టి మరీ ఆ దుమ్మును భరించారు. ఆ అబ్బాయి తెలివైనవాడే. అతనికి తెలిసింది సాఫ్ట్‌వేర్, తెలియనిది శ్లాబు.

కాబట్టి రేపటి ఇంటికి సిద్ధం కావాలనుకునేవారు ముందుగా చూసుకోవలసింది న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే తీగ. ప్లగ్గు ఉన్న బోర్డుకు అది ఎలాగూ వస్తుంది. మెట్ల దగ్గర, మంచం తలవైపు, బాత్రూం బయట ఉత్త స్విచ్చులే ఉన్న బోర్డులకు మాత్రం చాలామంది ఎలక్ట్రీషియన్లు దాన్ని వేయరు, ఎందుకంటే మామూలు స్విచ్చుకు దానితో పనిలేదు. స్మార్ట్ స్విచ్చు లోపలి రేడియోకు లైటు ఆర్పి ఉన్నప్పుడు కూడా కరెంటు కావాలి. న్యూట్రల్ లేకుండానే పనిచేస్తాయని అమ్మేవి ఆ కాస్త కరెంటును బల్బు గుండా లాగుతాయి కాబట్టి, చిన్న ఎల్‌ఈడీ బల్బులు ఆర్పిన తరువాత కూడా మిణుకుమనే అవకాశం ఉంది. ఆ న్యూట్రల్ కూడా అదే సర్క్యూటుది కావాలి. పక్క సర్క్యూటు నుంచి, ముఖ్యంగా ఇన్వర్టరు లైను నుంచి అరువు తెచ్చుకుంటే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపే రక్షణ స్విచ్చు) మాటిమాటికీ పడిపోతుంది, ఆ తప్పు ఏ బోర్డులో ఉందో వెతికేసరికి తల ప్రాణం తోకకు వస్తుంది. స్విచ్చు వెనక రిలే మాడ్యూలు (మామూలు స్విచ్చును స్మార్ట్‌గా మార్చే చిన్న పరికరం) పట్టేటంత లోతున్న బాక్సులు పెట్టించాలి. కరెంటు పైపులకు దూరంగా, ప్రతి అంతస్తుకూ ఒక 25 మిల్లీమీటర్ల ఖాళీ పైపును, అందులో తరువాత కేబులు లాగడానికి ఒక లాగుడు తీగను వదిలేయాలి. ప్లాస్టరింగుకు ముందు ప్రతి గోడ పక్కన కొలత టేపు పెట్టి ఫోటో తీసి ఉంచుకుంటే, తరువాత ఎవరు మేకు కొట్టినా పైపు ఎక్కడుందో తెలుస్తుంది. ఇవేవీ ఏ వీడియోలోనూ ఉండవు. గవర్నర్‌పేటలో ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరికే సామాను ఇది.

తక్కిన అపోహలను త్వరగా ముగిస్తాను.

అపోహ: ఆకుపచ్చని జెల్‌లో కూరగాయలు గుచ్చిపెట్టే, కరెంటు అక్కరలేని ఫ్రిజ్ వచ్చేసింది.

వాస్తవం: రాలేదు. అది ఎలక్ట్రోలక్స్ సంస్థ నిర్వహించిన డిజైన్ పోటీకి 2010లో ఒక రష్యన్ డిజైనరు పంపిన ఊహాచిత్రం. ఇన్నేళ్ళుగా "వచ్చే నెలలో మార్కెట్లోకి" అనే వ్యాఖ్యతో అదే బొమ్మను గ్రూపుల్లో తిప్పుతున్నారు. పంపేముందు కొనడానికి ఎక్కడ దొరుకుతుందో ఒక్క నిమిషం వెతికితే సరిపోతుంది గాని, ఆ ఒక్క నిమిషమే ఎవరికీ ఉండదు. గది మధ్యలో గాలిలో నిలబడి మాట్లాడే హోలోగ్రాముల సంగతీ ఇంతే. కాంతి దేనికైనా తగిలి చెదిరి మన వైపు రానిదే కంటికి కనబడదు, ఖాళీ గాలిలో దానంతట అది ఆగదు.

అపోహ: కాన్సెప్టులన్నీ జనాన్ని మభ్యపెట్టడానికే.

వాస్తవం: ఇది మొదటి అపోహకు దెబ్బతిన్నవారు పట్టుకునే మరో అపోహ. చాపలా చుట్టుకుని పెట్టెలోకి దిగిపోయే టీవీని ఎల్‌జీ సంస్థ 2019 జనవరిలో లాస్ వేగాస్ ప్రదర్శనలో చూపి, 2020 అక్టోబరులో కొరియాలో నిజంగానే అమ్మకానికి పెట్టింది. ధర మాత్రం పది కోట్ల వన్, అంటే మన డబ్బులో అరకోటి పైమాటే. ఆ తరువాత 2024లో అద్దంలా ఆవలివైపు కనిపించే టీవీని తెచ్చింది. అది అందమైనదే, అయితే పారదర్శకమైన తెర నలుపును తనంతట తాను చూపలేదు, వెనక నల్లని పొర లేవాలి. పడమటి కిటికీలున్న మన హాళ్ళలో సాయంత్రం నాలుగింటికి దాని ముందు కూర్చోమని నేనైతే ఎవరికీ చెప్పను.

అపోహ: ఒకసారి కొన్న స్మార్ట్ వస్తువు పాడయ్యేదాకా మనదే.

వాస్తవం: దాని బుర్ర కంపెనీ సర్వరులో ఉంటే కాదు. ఇంట్లోని పరికరాలన్నిటినీ కలిపే రివాల్వ్ అనే హబ్‌ను, దాన్ని తయారుచేసిన సంస్థ వేరొకరి చేతికి వెళ్ళాక, 2016 మేలో పనిచేయకుండా ఆపివేశారు. అందులో చెడిపోయిన భాగమేదీ లేదు. ఫోన్‌కు బదులుగా చొక్కాకు తగిలించుకోవచ్చని ఆర్భాటంగా 2024లో వచ్చిన హ్యూమేన్ సంస్థ ఏఐ పిన్, 699 డాలర్లు పెట్టి కొన్నవారి చేతుల్లోనే 2025 ఫిబ్రవరి 28న మూగబోయింది. కొనేముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: నెట్ తీసేస్తే ఇది పనిచేస్తుందా? వేర్వేరు కంపెనీల పరికరాలను కలపడానికి 2022లో వచ్చిన మ్యాటర్ ప్రమాణాన్ని పాటించే పరికరాలు ఇంటి లోపలి నెట్‌వర్కులోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవు. అయినా సరే, ప్రతి లైటుకూ గోడ మీద చేత్తో నొక్కే స్విచ్చు ఉండి తీరాలన్నది నా పట్టుదల.

చివరిదాన్ని అపోహ అనడానికి నాకు మనసొప్పదు, అది భయం. బ్రాడీపేటలో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడకు పిల్లలు వేలిముద్రతో తెరుచుకునే తాళం పెట్టించబోతే, "బాబూ, కరెంటు పోతే నేను అర్ధరాత్రి గుమ్మంలో నిలబడాలా?" అని అడిగారు. పిల్లలు నవ్వారు. నవ్వవలసిన ప్రశ్న కాదది. కాన్సెప్ట్ వీడియో తీసినవారే వేసుకోవలసిన ప్రశ్న. ఇటువంటి తాళాలు ఎక్కువగా ఇంటి కరెంటు మీద కాక లోపలి పెన్సిల్ బ్యాటరీల మీద నడుస్తాయి, అవి అయిపోవచ్చేముందు హెచ్చరిస్తాయి. బ్యాటరీలు పూర్తిగా చచ్చిపోయినా బయటినుంచి పవర్ బ్యాంకో 9 వోల్టుల బ్యాటరీయో ఆనించి తెరిచే ఏర్పాటు, మామూలు తాళంచెవి పట్టే రంధ్రం చాలా మోడళ్ళకు ఉంటాయి. లేని మోడల్‌ను కొనకూడదు. ఆ తాళంచెవిని బీరువాలో దాచుకుంటే అవసరానికి అందదు కాబట్టి నమ్మకమైన పొరుగింట్లో ఉంచమని చెప్పాను. ఆవిడ ఎదురింటి కోడలికి ఇచ్చారు. అయినా తృప్తి చాలక పాత గడియను కూడా తీయనివ్వలేదు, నేనూ తీయమనలేదు.